పాత జీప్ ఇంజన్: మార్చడమా, బోర్ చేయించడమా?

మా మహీంద్రా ఎంఎం540 జీప్ ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు నీలం పొగ వదిలేది. ఆయిలూ తాగేసేది. లోపల పాత ప్యూజో డీజిల్ ఇంజన్. "మార్చేయండి బాబూ, సెకండ్ హ్యాండ్‌ది దొరుకుద్ది" అన్నారు విజయనగరంలో. దొరుకుతుంది సరే, అది ఎంత అరిగిందో ఎవరు చూశారు? పైగా ఆర్సీలో ఇంజన్ నంబర్ మార్పించుకోవాలి. వేరే రకం ఇంజన్ అయితే ఇంజన్ బిగించే మౌంటింగులు, ఇంజన్‌ని గేర్‌బాక్స్‌తో కలిపే బెల్ హౌసింగ్ కలవాలి, ఆర్టీఏ అనుమతీ కావాలి. ఆ టెన్షన్ నాకొద్దు.

ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే గుప్పుగుప్పున గాలి కొట్టింది. కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి కూడా ఒక సిలిండర్‌లో బాగా తక్కువ. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, బోర్ (సిలిండర్ లోపలి గోడ) అరిగాయన్నమాట. విప్పించి లేత్ షాపులో కొలిపించాను. బ్లాక్ పగిలినా, క్రాంక్ షాఫ్ట్ ఇక సానబట్టి సరిచేయలేనంత అరిగినా మార్చేసేవాణ్ణే. రెండూ బాగున్నాయి.

సిలిండర్లను కాస్త పెద్దగా తొలిపించి (బోరింగ్), దానికి తగ్గ ఓవర్‌సైజ్ పిస్టన్లు, కొత్త రింగులు, బేరింగులు వేయించాను. విడిభాగాల కోసం ఎదురుచూడటమే విసుగు. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు టెస్ట్ చేయించి, రేడియేటర్ కడిగించాకే బిగించాం. పాత రేడియేటర్ సరిగా చల్లబరచక ఇంజన్ వేడెక్కితే కొత్త పిస్టన్లూ బిగుసుకుపోతాయి. రింగులు కుదురుకునే దాకా బరువు వేయలేదు, మొదటి ఆయిల్ తొందరగానే మార్చేశాను.