ల్యాప్‌టాప్ స్క్రీన్‌ను పాడుచేయకుండా తుడవడం ఎలా?

ల్యాప్‌టాప్‌ను ఆపేసి, నల్లబడిన స్క్రీన్‌ను కిటికీ వెలుతురుకు కాస్త ఏటవాలుగా తిప్పి చూస్తే, అంతవరకూ కంటికి ఆనని దుమ్ము, వేలిముద్రలు, తుమ్మినప్పుడు పడిన తుంపరల మచ్చలు ఒక్కసారిగా బయటపడతాయి. వెంటనే చేతికందిన గుడ్డతో గట్టిగా రుద్దేయాలనిపిస్తుంది. దుమ్ము పట్టి ఉన్నంత మాత్రాన స్క్రీన్‌కు వచ్చే ముప్పేమీ లేదు కానీ, తొందరపడి తుడిస్తే పడే గీతలను మళ్లీ చెరపలేము.

చూడటానికి అద్దంలా ఉన్నా, ల్యాప్‌టాప్ స్క్రీన్ అన్నిసార్లూ అద్దం కాదు. మెరుపు లేని మ్యాట్ స్క్రీన్లలో చాలావాటికి పైన ఉండేది పలుచని ప్లాస్టిక్ పొర. ఎదుటి వెలుతురు ప్రతిఫలించకుండా దానికి కంటికి కనిపించనంత సన్నని గరుకుదనం ఇస్తారు. మెరిసే స్క్రీన్లలోనూ టచ్‌స్క్రీన్లలోనూ పైన గాజు ఉన్నా, దాని మీద సాధారణంగా ప్రతిఫలనాన్ని తగ్గించే పూతో, జిడ్డును అంటనివ్వని పూతో ఉంటుంది. కిటికీ అద్దాలు తుడిచే ద్రవాల్లో తరచుగా కలిపే అమ్మోనియా, గోళ్ల రంగును తొలగించే ద్రవాల్లో ఉండే అసిటోన్, బ్లీచ్ ఈ పూతలను దెబ్బతీస్తాయి. పూత పోయిన చోట మసక మచ్చ శాశ్వతంగా మిగిలిపోతుంది. టిష్యూ పేపర్ చేతికి మెత్తగా తగిలినా, చెక్క గుజ్జుతో చేసినది కాబట్టి దాని పీచు సన్నని గీతలు పెట్టగలదు, పైగా నూగు వదులుతుంది.

కావలసినవి రెండు శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డలు, కొద్దిగా డిస్టిల్డ్ వాటర్ (ఆవిరి పట్టి లవణాలు తీసేసిన నీరు), అంతే. కుళాయి నీటిలో కరిగి ఉన్న లవణాలు తడి ఆరాక తెల్లని చుక్కలుగా తేలుతాయి. గుడ్డలను ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడకూడదు. అది గుడ్డలో వదిలిన జిడ్డు మళ్లీ స్క్రీన్‌కే అంటుతుంది.

ల్యాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, స్క్రీన్ చల్లబడేదాకా ఆగండి. వేడి మీద తడి వెంటనే ఆరిపోయి చారలు కడుతుంది.

ముందు పొడి గుడ్డతోనే తుడవాలి. చాలామంది వదిలేసే పని ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. దుమ్ములో కలిసి ఉండే ఇసుక రేణువులు ప్లాస్టిక్ కన్నా గట్టివి. వాటిని తీసేయకుండా తడి గుడ్డతో రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే అవుతుంది. గుడ్డను రెండుసార్లు మడిచి, ఒక చేతిని మూత వెనుక ఆనించి, పై అంచు నుంచి కిందికి ఒకే దిశలో, చేతి బరువు పడనివ్వకుండా లాగండి. ఒక్కో వరుస పూర్తయ్యాక గుడ్డను తిప్పి కొత్త మడత వాడండి.

తరువాత తడి. నీటిని గుడ్డ మీదనే చల్లాలి, స్క్రీన్ మీద ఎప్పుడూ చల్లకూడదు. నేను ఒకసారి స్క్రీన్ మీదనే చల్లితే, తుడిచేలోపే ఒక చుక్క జారి కింది అంచు సందులోకి దిగిపోయింది. మర్నాడు ఆన్ చేయగానే నిలువు గీతలు కనిపించాయి, చివరికి ప్యానెల్ మార్చవలసి వచ్చింది. స్క్రీన్‌కు సంకేతాలు అందించే సన్నని రిబ్బన్ కేబుళ్లూ చిప్పులూ చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ కింది అంచులోనే ఉంటాయి. గుడ్డలో తడి ఎంత ఉండాలో తెలుసుకోవడానికి దాన్ని చెంపకు ఆనించి చూడండి: చల్లగా తగలాలి, చెంప మాత్రం తడవకూడదు.

ఎండిపోయిన మచ్చను గోటితో గీకకండి. తడి గుడ్డను దాని మీద కొన్ని క్షణాలు మెల్లగా ఆనించి ఉంచితే మెత్తబడుతుంది, ఆ తరువాత తేలికగా వస్తుంది. గట్టిగా నొక్కితే లోపలి లిక్విడ్ క్రిస్టల్ పొర దెబ్బతినవచ్చు. జిడ్డు నీటికి లొంగకపోతే, ఆల్కహాల్ వాడే ముందు యూజర్ మాన్యువల్ చూడండి, ఎందుకంటే ఈ విషయంలో తయారీదారులందరి సూచనా ఒకటి కాదు. ఆపిల్ తన ఉత్పత్తుల డిస్‌ప్లేలను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వైప్‌తో సున్నితంగా తుడవవచ్చని చెబుతుంది. ప్రతిఫలనం తగ్గేలా అతి సన్నని గరుకుదనం చెక్కిన నానో టెక్స్చర్ గాజుకు మాత్రం దానితోపాటు ఇచ్చిన గుడ్డనే వాడమంటుంది.

చివరగా రెండో గుడ్డతో చెమ్మ తీసేసి, మూత తెరిచే ఉంచండి. తుడిచిన మర్నాడే స్క్రీన్ మీద కీబోర్డు మీటల ఆకారంలో మచ్చలు పడుతున్నాయంటే, వేళ్ల నుంచి మీటలకు అంటిన జిడ్డు, మూత మూసినప్పుడు స్క్రీన్‌కు అంటుకుంటోందని అర్థం. అందుకని స్క్రీన్ ఆరేలోగా గుడ్డను మడత మార్చి కీబోర్డునూ అరచేతులు ఆనే చోటునూ తుడిచి, అంతా ఆరాకే మూత వేయండి.