గురక, పగటి తూగు, నడిరేయి మెలకువ: ఏది ఎందుకు, ఏం చెయ్యాలి

నిద్ర చాలట్లేదని మొదటే నిద్రమాత్ర దగ్గరికి పోవద్దు. అల్ప్రాజోలం లాంటివి షెడ్యూల్ హెచ్1 మందులు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అసలు జబ్బు గురకలో ఉంటే ఈ మాత్ర దాన్ని ఇంకా ముదరబెడుతుంది.

సమస్య: గురక మధ్యలో ఆగిపోతుంది, ఉక్కిరిబిక్కిరై మళ్ళీ మొదలవుతుంది, పగలంతా తూగు

కారణం చాలామటుకు స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతుంది. ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఒక్క క్షణం లేపుతుంది, బీపీ ఎగదన్నుతుంది. నిద్రపోయే మనిషికి ఇదేదీ గుర్తుండదు, పక్కన పడుకున్నవాళ్ళకే తెలుస్తుంది. మూడు రకాల మాత్రలు వేసినా బీపీ దిగకపోయినా, రాత్రి మూడు నాలుగు సార్లు ఒంటికి లేస్తున్నా, పొద్దున్నే తలనొప్పి ఉన్నా దీన్ని అనుమానించాలి. ఒంటికి లేవడాన్ని షుగరు మీదికో ప్రోస్టేట్ మీదికో తోసేసి ఏళ్ళ తరబడి టెస్టులకు డబ్బు పెట్టేవాళ్ళున్నారు.

ముందు ఖర్చు లేని పనులు. ఫోన్‌లో అరగంట గురక రికార్డు చెయ్యండి. దర్జీ టేపుతో మెడ కొలవండి: మగవాళ్ళకు 17 అంగుళాలు, ఆడవాళ్ళకు 16 అంగుళాలు, ఆపైన ఉంటే అనుమానం బలపడుతుంది. ఈ రెండూ తీసుకుని తిరుపతి రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్ ఆసుపత్రిలోనో ఊపిరితిత్తుల ఓపీకి వెళ్ళి స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి, ఆక్సిజన్ కొలిచే పరీక్ష) గురించి అడగండి. రిపోర్టులో ఏహెచ్ఐ అనే అంకె చూడండి. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, తగ్గింది అన్న లెక్క అది. 5 నుంచి 15 లోపు తేలిక, 15 నుంచి 30 లోపు మధ్యరకం, ఆపైన తీవ్రం.

తేలికపాటిదైతే బరువు తగ్గడం, పక్కకి తిరిగి పడుకోవడం, రాత్రి మద్యం మానడం పనిచెయ్యొచ్చు. ముదిరితే సీపాప్ మెషిన్, అంటే మాస్క్ గుండా గాలిని ఒత్తిడితో పంపి గాలిదారి మూసుకోకుండా చూసేది. కొనే ముందు ఒక నెల అద్దెకు దొరుకుతుందేమో అడగండి. మాస్క్ సరిపడక అటక మీద పడేసిన మెషిన్ కంటే దండగ ఖర్చు ఇంకోటి లేదు.

సమస్య: మెషిన్ ఉంది, వాడలేకపోతున్నాం

గాలి కళ్ళలోకి కొడుతుంటే మాస్క్ సైజు తప్పు, లేదా కుషన్ అరిగింది. పట్టీలు బిగించుకుంటూ పోతే ముక్కు దూలం మీద పుండు పడుతుంది తప్ప లీకు ఆగదు. మాస్క్ పెట్టుకుని, పడుకుని, గాలి ఆన్‌లో ఉండగా పట్టీలు సర్దాలి. నోరు ఎండిపోతుంటే నోటిదారిన గాలి పోతోందన్నమాట. ముక్కు దిబ్బడ ఉంటే ముందు దానికి చూపించుకోవాలి. మెషిన్ గాలికి తేమ ఇచ్చే హ్యుమిడిఫైయర్ డబ్బాలో డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. తిరుపతి, చిత్తూరు వైపు బోరు నీళ్ళు పోస్తే కొద్దిరోజుల్లోనే డబ్బా అడుగున తెల్లటి పొర కట్టేస్తుంది. కరెంటు ఖర్చుకు భయపడక్కర్లేదు, రాత్రికి సుమారు అర యూనిట్.

సమస్య: పడుకున్నా నిద్ర పట్టదు, నడిరేయి మెలకువ

మధ్యాహ్నం రెండు దాటాక కాఫీ ఆపండి. తాగిన ఐదారు గంటలకూ అందులో సగం ఒంట్లోనే ఉంటుంది. సుమారు 20 నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగి మసక వెలుతురులో కూర్చుని, తూగు వచ్చాకే మళ్ళీ పడుకోండి. రాత్రి ఎట్లా గడిచినా పొద్దున లేచే టైము మార్చొద్దు. ఇలా నిద్ర పట్టకపోవడం వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు దాటితే డాక్టరుకు చూపించాలి. సాయంత్రం కాళ్ళు గుంజుతూ, కదిపితేనే హాయిగా ఉంటే అది వేరే జబ్బు, రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారు. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి.

సమస్య: షిఫ్టు, రాత్రి డ్రైవింగు

శ్రీసిటీ ఫ్యాక్టరీల నైట్ షిఫ్టు వాళ్ళు ఇంటికి పోయేటప్పుడు నల్లద్దాలు పెట్టుకుని, కిటికీకి మందపు తెర వేసుకుంటే పగటినిద్ర కొంత నిలుస్తుంది. రాత్రంతా బండి నడిపి తిరుమల కొండెక్కి, తెల్లారి దిగే డ్రైవర్లది అసలు ప్రమాదం. దిగే ఘాట్‌లో వరుసగా మలుపులు; రెండు మూడు సెకన్ల కునుకు చాలు. వరసగా ఆవలింతలు, గడిచిన మలుపు గుర్తులేకపోవడం మొదలైతే అద్దం దించడం, పాటలు పెట్టడం పనిచెయ్యవు. కొండపైనే బండి ఆపి, కాఫీ తాగి, వెంటనే 20 నిమిషాలు పడుకోవాలి. కాఫీ పనిచేసే వేళకు మెలకువ వస్తుంది. ఇది ఆ పూట గడవడానికే. నిండా ఏడు గంటలు పడుకున్న రోజు కూడా స్టీరింగు ముందు తూగు వస్తుంటే స్లీప్ స్టడీ అయ్యేదాకా బండి వేరేవాళ్ళకు ఇవ్వండి.