మేకల దొడ్డికి కొండచిలువ రాకుండా ఏం చేయాలి

నల్లమల అంచున మేకలు పెంచుకునే మాకు కొండచిలువ కొత్త కాదు. దాని వేట పద్ధతి తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

అది వేటను తరమదు. కుందేలో, పందికొక్కో, దుప్పి పిల్లో రోజూ తిరిగే దారి పక్కన ఆకుల్లో కలిసిపోయి గంటలకొద్దీ కాపు కాస్తుంది. పెదవుల మీది చిన్న గుంటలతో ఒంటి వేడిని పసిగడుతుంది, కాబట్టి చీకటి దానికి అడ్డు కాదు. ముడుచుకుని పడుకున్న మేకపిల్లలు దానికి చీకట్లోనూ తెలిసిపోతాయి.

అందుకని దొడ్డి కంటే ముందు చుట్టుపక్కల చూసుకోండి. కంప కుప్పలు, రాళ్ల గుట్టలు, పనికిరాని పైపులు తీసేయండి. దాణా కింద చిందనివ్వకండి. చాలామంది దొడ్డికి మాత్రం గట్టి తలుపు పెట్టి, పక్కనే గడ్డివాము కింద పందికొక్కుల్ని మేపుతుంటారు! కొండచిలువకు అవి ఇష్టమైన తిండి. వాటికోసం వచ్చింది మీ మేకపిల్లల్ని వదిలిపెడుతుందా?

మేకపిల్లల్ని రాత్రిళ్లు తలుపున్న గదిలో వేయండి. కిటికీకి సన్న కన్నాల ఇనుప జాలీ కొట్టండి. చేపల వల మాత్రం వద్దు. పాము అందులో చిక్కుకుని ఒళ్లు కోసుకుంటుంది, విడిపించబోయినవాళ్లను కరుస్తుంది. విషం లేకపోయినా పళ్లు లోపలికి వంగి ఉంటాయి, చేయి గుంజుకుంటే కండ చీలుతుంది.

ఇక పట్టేసుకుంటే? చుట్ట బిగిసిందంటే మేకపిల్ల మీద ఆశ వదులుకోవాల్సిందే. ఊపిరాడక చస్తుందని మనం అనుకుంటాం గానీ, కొండచిలువలాగే చుట్టి చంపే బోవా పాములపై 2015లో వచ్చిన పరిశోధన ప్రకారం ఆ బిగింపు వల్ల మొదట రక్తప్రసరణే ఆగిపోతుంది. తర్వాత సాధారణంగా తలవైపు నుంచి మింగుతుంది, కాళ్లు అడ్డం తగలకుండా.

మింగిన పామును కర్రతో పొడవకండి, తోక పట్టి లాగకండి. బెదిరితే మింగింది కక్కేస్తుంది. దానికి తిండీ పోయింది, మీకు మేకా రాలేదు. కుక్కల్నీ కుర్రాళ్లనీ దూరంగా ఉంచి ఫారెస్ట్ వాళ్లకు ఫోన్ చేయండి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూల్ జీవి, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలోది. చంపితే జైలే.

మనుషుల్ని మింగుతుందని భయపెట్టే వీడియోలు చాలా తిరుగుతుంటాయి. 2017, 2018లో ఇండోనేషియాలోని సులవేసిలో అలా జరిగిన మాట నిజమే. కానీ అది రెటిక్యులేటెడ్ పైథాన్, మన అడవుల్లోది వేరే జాతి. అలాగని పసిపిల్లల్ని దాని దగ్గరికి పోనివ్వకండి.

కడుపు ఉబ్బిన పాము వచ్చిన సందులోంచి బయటికి దూరలేక దొడ్డిలోనే దొరుకుతుంటుంది. దాన్ని తీసుకెళ్లాక ఆ సందు వెతికి, రాళ్లు పెట్టి సిమెంటు వేయండి. పిడికిలి పట్టే సందు ఏదీ వదలకండి.