వన్ పాకెట్ పాఠాలు – 6: పెద్ద మ్యాచ్‌కి సిద్ధం కావడం

గత పాఠంలో బ్యాంక్ షాట్ (బంతిని టేబుల్ అంచు రబ్బరుకి, అంటే కుషన్‌కి, తగిలించి తిప్పి పాకెట్‌లోకి పంపే షాట్) వేగం నేర్చుకున్నాం. రోజూ కాసేపు సాధన చేసినవాళ్లకి, బంతి పాకెట్‌లో పడకపోయినా దాని పక్కనే ఆగేలా కొట్టడం కొంత అలవాటై ఉంటుంది. ఈసారి ఆ అలవాటుని ఓడిపోతే గట్టిగా దెబ్బ తగిలే మ్యాచ్‌లోకి తీసుకెళ్దాం.

నేరుగా ఈ పాఠానికే వచ్చినవాళ్ల కోసం ఆట క్లుప్తంగా. ఇది పూల్ టేబుల్ మీద ఆడే ఆట. 15 బంతులు, వాటిని కొట్టడానికి ఒక తెల్ల బంతి, అదే క్యూ బాల్. ర్యాక్ పెట్టే (బంతుల్ని త్రికోణంలో పేర్చే) వైపున్న రెండు మూల పాకెట్లలో ఒకటి మీది, ఒకటి ఎదుటివాళ్లది. మీ పాకెట్‌లో ముందుగా 8 బంతులు పడితే గెలుపు మీదే. అతని పాకెట్‌లో మీరు వేసినా అది అతని ఖాతాలోకే పోతుంది. మిగతా నాలుగు పాకెట్లలో పడింది ఎవరికీ చెందదు, తిరిగి టేబుల్ మీది స్పాట్ అనే గుర్తు మీదకి వస్తుంది. ఫౌల్ చేస్తే మీరు వేసుకున్న వాటిలో ఒకటి వెనక్కి ఇచ్చేయాలి. ఇంకా ఏమీ వేసుకోకపోతే అది బాకీగా రాసుకుంటారు.

ఈ పాఠం మొత్తానికీ ఒకటే ప్రశ్న. వంగి గురి చూసే ముందు, నిలబడే ఉండి మనల్ని మనం అడగాలి: "ఈ షాట్ పోతే అతనికి ఏం మిగులుతుంది?" పడితే నాకెన్ని వస్తాయన్నది ఎవరైనా లెక్క వేస్తారు. టెన్షన్ పెరిగేకొద్దీ మనసు నుంచి ముందుగా జారిపోయేది, పోతే ఏం మిగులుతుందన్న లెక్క. నాకు అది బాగా నొప్పి పెట్టిన రోజుతోనే తెలిసింది. రేస్‌లో (ముందే అనుకున్నన్ని గేమ్‌లు ఎవరు ముందు గెలుస్తారన్న పోటీలో) చివరి గేమ్, 6-3తో ముందున్నాను. నాకు రెండు చాలు, అతనికి అయిదు కావాలి. ఎడమ పొడవు కుషన్ నుంచి ఒక బ్యాంక్ కనిపించింది. రోజూ కొట్టే షాటే. గేమ్ అక్కడితో ముగించేయాలనిపించి గట్టిగా కొట్టాను. బంతి పాకెట్ కొన తగిలి, వెనక్కి వచ్చి అతని పాకెట్ ముందు నిలిచింది. క్యూ బాల్ టేబుల్ మధ్యలో. టేబుల్ మీద ఆరు బంతులుంటే అతను వరుసగా అయిదు వేశాడు. కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటీ పడటం చూశాను. ఆ బ్యాంక్ నాకు రాని షాట్ కాదు. అది అవసరం లేని షాట్.

ఇక సిద్ధపడటం. క్యూ (కొట్టే కర్ర) ముట్టుకోకముందే మ్యాచ్‌లో కొంత భాగం అయిపోతుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. నియమాలు ముందే నోటితో మాట్లాడుకోండి. క్యూ బాల్ ముట్టుకుంటేనే ఫౌలా, ఏ బంతి ముట్టుకున్నా ఫౌలేనా? ర్యాక్ ఎవరు పెడతారు? బ్రేక్ (గేమ్‌లో మొదటి షాట్) మార్చుకుంటూ పోతారా, గెలిచినవాళ్లదేనా? ఎన్నింటికి రేస్? హ్యాండిక్యాప్ (బలహీనుడికి ఇచ్చే వెసులుబాటు) ఉంటే అంకెల్ని జాగ్రత్తగా చదవండి. 9-7 అంటే ఒక్క బంతే కదా అనుకుంటారు. మీరు 9 వేయాలి, అతను 7 వేస్తే చాలు. మీ మీద ఒకటి ఎక్కింది, అతని మీద ఒకటి దిగింది, మొత్తం తేడా రెండు. పైగా ఈ ఆటలో బ్రేక్ విలువైనది కాబట్టి, ప్రతి గేమ్‌లోనూ బ్రేక్ అతనికే ఇచ్చేయడం కూడా హ్యాండిక్యాప్ కిందే లెక్క.

తర్వాత టేబుల్. ఆడే చోటికి వీలైనంత ముందుగా వెళ్లండి. తొమ్మిదడుగుల టేబుల్‌లో ఆడే స్థలం 100 అంగుళాల పొడవు, 50 అంగుళాల వెడల్పు. అంత దూరం మెల్లగా దొర్లే బంతి మీద టేబుల్ వాలు, గుడ్డ పని, అన్నీ కనిపిస్తాయి. నైన్ బాల్ అనే మరో పూల్ ఆటలో బంతులు వేగంగా పోతాయి కాబట్టి చిన్న వాలు పట్టించుకోకపోయినా నడుస్తుంది. వన్ పాకెట్‌లో సగం షాట్లు చచ్చేంత మెల్లగా పోతాయి, ఆగే ముందు చివరి అడుగులో వాలు లాగేస్తుంది. అందుకని ర్యాక్ వైపు కుషన్‌కి దగ్గరగా ఒక బంతిని ఎడమ నుంచి కుడికీ, కుడి నుంచి ఎడమకీ దొర్లించి చూడండి. పొడవు కుషన్ల వెంబడి కూడా. ఏ మూలవైపు జారుతుందో గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే బ్రేక్ చేసేవాళ్లే పాకెట్ ఎంచుకుంటారు. జారే మూల మీదైతే, మ్యాచ్ అంతా టేబుల్ మీకు కొద్దికొద్దిగా సాయం చేస్తుంది. టాస్ గెలిచి "ఏదైనా పర్లేదు" అన్నవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

రెండు వైపుల నుంచీ బ్యాంకులు కూడా అయిదేసి కొట్టండి, కానీ పడ్డాయా లేదా అని కాదు. గట్టిగా కొట్టినప్పుడు బంతి కుషన్‌లో ఎక్కువ నొక్కుకుని, కుషన్‌కి మరింత నిటారుగా బయటికొస్తుంది. ఆ తేడా ఈ టేబుల్ మీద ఎంతో చూసుకోవడానికి.

బ్రేక్ నాలుగో పాఠంలో వివరంగా ఉంది. ఒక్క మాట మాత్రం మళ్లీ చెబుతాను. మీ పాకెట్ కుడిదైతే ఎడమ వైపు నుంచి కొడతాం, బంతులు కుడికి ఒరగాలి, క్యూ బాల్ అతని వైపు పొడవు కుషన్‌ని అంటుకుని కూర్చోవాలి. టెన్షన్‌లో ఉన్న చేయి బ్రేక్‌ని ఎప్పుడూ కొంచెం గట్టిగానే కొడుతుంది, మొదటి గేమ్‌లో మరీను. నెమ్మది అనుకున్నదానికంటే ఇంకాస్త నెమ్మది అనుకుని కొట్టండి.

ఇప్పుడు అసలు విషయంలోకి, ఒక బ్యాంక్ లెక్కలోకి. ఇవి నేను ఊహించుకున్న అంకెలు, మీ చేతిని బట్టి మార్చుకోండి. గట్టిగా కొడితే పదింటిలో నాలుగు పడతాయనుకుందాం. పడిన ప్రతిసారీ, దాని వెంట వచ్చేవాటితో కలిపి మీకు మూడు బంతులు. అంటే పన్నెండు. పోయిన ఆరింటిలో మూడుసార్లు అతనికి దారి తెరుచుకుని నాలుగేసి వేశాడు. అవీ పన్నెండు. ఇంత కష్టపడీ లాభం సున్నా. అదే బ్యాంక్‌ని, పడకపోతే మీ పాకెట్ దగ్గరే ఆగేంత మెల్లగా కొట్టండి. పడేవి మూడుకి తగ్గుతాయి, మీకు తొమ్మిది. పోయిన ఏడింటిలో అతనికి దారి దొరికేది ఒక్కసారే, నాలుగు. ఇప్పుడు అయిదు బంతులు మిగిలాయి. తక్కువ పడే షాట్ ఎక్కువ లాభం తెచ్చింది! ఈ లెక్క ఒకసారి కాగితం మీద మీరే వేసుకోండి, చేతిరాతతో. ఆ తర్వాత గట్టిగా కొట్టబుద్ధి కాదు.

స్కోరుతో పాటు ఈ లెక్క మారుతుంది. అతనికి ఒక్కటే కావాల్సి, మీకు నాలుగు కావాలంటే, అతని పాకెట్ చుట్టుపక్కల ఉన్న ప్రతి బంతీ గేమ్ బంతే. మీ పని ముందు ఆ పరిసరాలు ఖాళీ చేసి, బంతుల్ని టేబుల్ రెండో కొసకి తోలడం. గేమ్ సాగుతుంది, సాగనివ్వండి. మీరే ముందుంటే ఓపిక మీ ఆస్తి, తొందర అతనిది. మీ పాకెట్ దగ్గర ఒక బంతి ఊరికే నిలబడి ఉన్నా, అతను దాన్ని తీసేయడానికే తన వంతు ఖర్చు చేయాలి.

ఒక స్థితి దగ్గరగా చూద్దాం. వీలైతే టేబుల్ మీద పేర్చండి. స్కోరు 5-5, అయిదు బంతులు మిగిలాయి, ఇద్దరికీ మూడేసి కావాలి. మీ పాకెట్ కుడిది. అతని ఎడమ పాకెట్ నుంచి జానెడు దూరంలో, ర్యాక్ వైపు కుషన్‌కి రెండు బంతుల ఎడంగా ఒక బంతి ఉంది. దాన్ని కాపలా బంతి అందాం. ఎడమ పొడవు కుషన్‌కి దగ్గరగా, రెండో డైమండ్ (టేబుల్ అంచు మీది గుర్తు) ఎదురుగా ఇంకొకటి, మీ పాకెట్‌లోకి బ్యాంక్ అయ్యేలా ఉంది. క్యూ బాల్ టేబుల్ నడిమధ్యలో. వంతు మీది.

కన్ను బ్యాంక్ మీదకే పోతుంది. ప్రశ్న అడగండి. పోతే కాపలా బంతి అతనికి ఉచితం, దాని మీద నుంచి ఇంకో రెండు దొరికితే గేమ్ అయిపోయినట్టే. కాబట్టి బ్యాంక్ పక్కన పెట్టి, కాపలా బంతిని నిండుగా కొట్టండి. క్యూ కొన క్యూ బాల్ మధ్యకి కొంచెం కింద తగలాలి, బంతి దొర్లకుండా జారుతూ వెళ్లి, తాకినచోటే ఆగిపోయేలా. కాపలా బంతి ర్యాక్ వైపు కుషన్ తగిలి, వెంటనే ఎడమ పొడవు కుషన్ తగిలి, టేబుల్ పైకి వెళ్లిపోతుంది. దాని స్థానంలో, అతని పాకెట్ ముందే మీ క్యూ బాల్ కూర్చుంటుంది. అక్కడి నుంచి తన పాకెట్‌కి అతను నేరుగా ఏదీ వేయలేడు. ఏం చేసినా దూరం నుంచి బ్యాంక్ చేసి వెనక్కి తెచ్చుకోవాలి.

ఇందులో ప్రాణం ఒక వెంట్రుక మీద ఉంది. కాపలా బంతికి కుడి పక్కన తగిలితే అది ఎడమకి జరిగి అతని పాకెట్‌లోకే వెళ్లవచ్చు. మరీ ఎడమ పక్కన తగిలితే కుషన్ నుంచి తిన్నగా వెనక్కొచ్చి క్యూ బాల్‌కే గుద్దుకుంటుంది. తప్పితే ఎడమవైపే తప్పాలి. గుద్దుకుంటే ఇబ్బందే గానీ, బంతి అతని ఖాతాలో పడదు.

కొన్నిసార్లు మంచి షాటే ఉండదు. క్యూ బాల్ గుంపు వెనక ఇరుక్కుంది, ఏ న్యాయమైన షాట్ కొట్టినా అతనికి నాలుగైదు తెరుచుకుంటాయి. అప్పుడు కావాలని ఫౌల్ చేయడం సిగ్గుపడాల్సిన పని కాదు. నాలుగు పోగొట్టుకునే బదులు ఒకటి ఇవ్వడం అది. కానీ వరుసగా మూడు ఫౌల్స్ అయితే గేమే పోతుంది. ముందు మొదలుపెట్టింది మీరైతే మూడోదాకా ముందు చేరేదీ మీరే. కాబట్టి ఫౌల్‌తో క్యూ బాల్‌ని అతనికీ కష్టమైన చోటుకి జరపండి. ఉన్నచోటే ముట్టుకుని వదిలేస్తే, అతనూ అదే చేసి మిమ్మల్ని అక్కడే నిలబెడతాడు.

ఈ ఓపికకి పాత చరిత్ర ఉంది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జాన్స్టన్ సిటీ అనే చిన్న ఊరిలో, జాన్స్కో సోదరులు 1961లో పెట్టిన టోర్నమెంట్ వన్ పాకెట్‌తోనే మొదలైంది. తర్వాతి తరంలో ఫిలిప్పీన్స్‌కి చెందిన ఎఫ్రెన్ రేయస్ డెర్బీ సిటీ క్లాసిక్ అనే టోర్నమెంట్‌లో ఈ విభాగం చాలాసార్లు గెలిచాడు. అతని పాత మ్యాచ్‌లు చూసేటప్పుడు పడిన బంతుల్ని వదిలేసి, ప్రతి షాట్ తర్వాత క్యూ బాల్ ఎక్కడ ఆగిందో మాత్రమే చూడండి.

టెన్షన్ గురించి పెద్దగా చెప్పను. నిర్ణయం నిలబడి ఉన్నప్పుడే తీసుకోండి. వంగాక సందేహం వస్తే లేవండి, చాక్ రాసుకోండి, మళ్లీ మొదటి నుంచి చూడండి. ఒక్క గేమే అరగంట దాటిపోగల ఆట ఇది. ముందు రాత్రి నిద్ర పోవాలి, మ్యాచ్ మధ్యలో నీళ్లు దగ్గర ఉండాలి.

వారం సాధన: పైన చెప్పిన స్థితిని పేర్చి కాపలా షాట్ ఇరవైసార్లు కొట్టండి. ప్రతిసారీ రెండు గుర్తులు రాయండి: కాపలా బంతి టేబుల్ సగం దాటిందా, క్యూ బాల్ ఒక జాన లోపల ఆగిందా. రెండూ పన్నెండుసార్లు కుదిరేదాకా బ్యాంక్ జోలికి పోవద్దు. తర్వాతి పాఠంలో అదే స్థితిలో ఎదుటివాడి కుర్చీలో కూర్చుని, అక్కడి నుంచి ఎలా బయటపడాలో చూద్దాం.