గుర్రానికి గిట్ట బూట్లు: ఒరుసుకోకుండా తొడిగేది ఎలా?

కొండవీడు ఘాట్ రోడ్డు వదిలి కోట గోడల వెంట రాళ్ల బాట పట్టామంటే లాడాలు లేని గుర్రం అడుగు తీసి అడుగు వేయడానికి వెనకాడుతుంది. అలాంటి దారికి గిట్ట బూట్లు చక్కటి ఉపాయం. మేకులు కొట్టక్కర్లేదు, ఇంటికొచ్చాక విప్పేయొచ్చు. సైజు కుదరకపోతే మాత్రం కొత్త చెప్పు కరిచినట్టే కరుస్తాయి. చాలామంది లోపల గుడ్డో స్పాంజో కుక్కి సరిపెడతారు. ఒరుపు ఎక్కువగా బూటు గిట్ట మీద కదలడం వల్లే వస్తుంది. ఆ కదలిక ఆగనంత వరకు ఎంత మెత్త పెట్టినా పుండు ఇంకో చోటికి మారుతుందంతే.

గిట్ట చెక్కించిన రోజే కొలవండి

గిట్ట నెలకు సుమారు 6 నుంచి 10 మి.మీ. పెరుగుతుంది. అందుకే చెక్కించిన రోజే, మరీ కుదరకపోతే రెండు మూడు రోజుల్లోపు కొలవాలి. కాలు ఎత్తి పట్టుకుని, అడుగున మట్టి గీకేసి, స్టీలు స్కేలు ఆనించండి. టైలరు టేపు వద్దు, అది వంగి తప్పు చూపిస్తుంది. అడ్డంగా బాగా వెడల్పున్న చోట ఒక కొలత. ముందు కొస నుంచి, వెనక గిట్ట గోడ నేలకు ఆనే చివరి చోటు దాకా ఇంకో కొలత. దాని వెనక ఉబ్బెత్తుగా ఉండే మెత్తటి మడమలను కలపొద్దు. ఇక్కడే పొరబడి ఒక సైజు పెద్దది తెప్పించుకుంటారు. నాలుగు కాళ్లూ కొలవాల్సిందే. ముందు గిట్టలు గుండ్రంగా, వెనకవి కాస్త కోలగా ఉంటాయి. కుడి ఎడమలకు కూడా తేడా ఉండొచ్చు.

స్కూట్ బూట్, కవాలో, ఈజీబూట్, ఇలా ఏ కంపెనీ సైజుల పట్టిక దానిదే. కవాలోలో సన్నటి గిట్టలకు స్లిమ్ అని వేరే రకం ఉంది. వెడల్పు సరిపోయి పొడవు మించిపోతే ఆ రకం బూటు మీ గుర్రానికి పనికిరాదు, వేరేది చూసుకోవాలి. డబ్బు కట్టేముందు స్కేలు ఆనించి అడుగు నుంచి, పక్క నుంచి తీసిన ఫొటోలు అమ్మేవాళ్లకు పంపి అడగండి.

తొడిగి చూడటం

బూటు తొడిగి, కాలు నేల మీద ఆనించి, రెండు చేతులతో బూటును అటూ ఇటూ తిప్పి చూడండి. గిట్టతో పాటే కదలాలి. గిట్ట నిలబడి బూటు ఒక్కటే తిరిగితే అది వదులు. పై పట్టీకి, చర్మానికి మధ్య ఒక వేలు సులువుగా దూరాలి. తర్వాత కాలు ఎత్తి మడిచి చూడండి. నిలబడినప్పుడు బాగున్న పట్టీ మడిచినప్పుడు కోసుకుపోవచ్చు.

ఇక పగ్గం పట్టుకుని పది నిమిషాలు నడిపించి, విప్పి, వేళ్లతో తడమండి. నల్లటి కాళ్ల మీద ఎరుపు కంటికి కనపడదు. వెంట్రుకలు రేగడం, ఒకచోట వేడిగా తగలడం, ముట్టుకుంటే కాలు లాక్కోవడం మొదటి గుర్తులు. ఒరుపు ఎక్కడుందో చూస్తే కారణం చాలావరకు దొరుకుతుంది. మడమల మీదైతే బూటు పొట్టిదైనా అయ్యుండాలి, వదులై పైకీ కిందికీ ఆడుతూనైనా ఉండాలి. ఒకే పక్క అయితే బూటు మెలి తిరుగుతోంది, గిట్ట సమంగా చెక్కారో లేదో చూపించండి. గిట్టకు పైన సన్నటి చోట ముందువైపైతే పట్టీ బిగువు. గిట్ట, చర్మం కలిసే అంచు దగ్గరైతే బూటు గోడ ఎత్తు ఎక్కువైంది.

కొద్దిపాటి వదులుకు గిట్ట గోడ చుట్టూ ఆటగాళ్లు వాడే అంటుకునే టేపు ఒకటి రెండు చుట్లు చుడితే బూటు కదలదు. బూటు కదలకుండా నిలిచాకే మడమలకు నియోప్రీన్ (మెత్తటి రబ్బరు లాంటి బట్ట) తొడుగు వేయాలి. అంతా కుదిరాక కూడా మొదటిరోజే కొండ ఎక్కించొద్దు. చదును నేల మీద అరగంట, ఆ తర్వాత గంట, అలా పెంచుకుంటూ పోండి.

ఇసుక, రేగడి

విజయవాడ వైపు కృష్ణ ఇసుకలో తిప్పితే సన్నటి ఇసుక లోపలికి చేరి ఆకురాయిలా గీకుతుంది. గుంటూరు నల్లరేగడి వానాకాలం లోపల అంటుకుని, ఆరాక గట్టిపడి అంచులు గుచ్చుకుంటాయి. దారి మధ్యలో ఒకసారి ఆగి, విప్పి, దులపండి. ఇంటికొచ్చాక బూట్లు కడిగి నీడలో ఆరేయండి. రాత్రంతా తొడిగి ఉంచొద్దు, తడికి గిట్ట అడుగున కుళ్లు పడుతుంది.

నాలుగు నుంచి ఆరు వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. ఆలస్యమైతే పోయిన నెల సరిపోయిన బూటే ఈ నెల బిగుసుకుంటుంది.

చర్మం చిట్లితే మానేదాకా బూటు తొడగొద్దు. ఉప్పునీళ్లతో కడిగి, పొడిగా ఉంచండి. ధనుర్వాతం గుర్రాలకు చాలా తేలిగ్గా సోకుతుంది, మట్టి తగిలే కాలి పుండు దానికి దారి. టీకా ఎప్పుడు వేయించారో గుర్తులేకపోతే ఆ రోజే పశువైద్యుడికి చూపించండి. విజయవాడ దగ్గర గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది.