ఫోనులో వార్తలకు వేళ పెట్టుకోవడం ఎలా

ఒక రాత్రి పదకొండున్నరకు నా ఫోను మోగింది. పేరున్న ఒక పెద్ద నటుడు ఇక లేరని ఒక వార్తా యాప్ ఒక్క వాక్యంలో తెలియజేసింది. నిద్రమత్తులోనే ఆ వాక్యాన్ని ముగ్గురికి పంపించి పడుకున్నాను. తెల్లవారి చూస్తే ఆ నటుడే ఒక వీడియోలో కనిపించి, తాను నిక్షేపంగా ఉన్నానని నవ్వుతూ చెబుతున్నారు. యాప్‌లో రాత్రి కనిపించిన వాక్యం ఆనవాలు లేకుండా పోయింది గాని, నేను పంపిన మూడు సందేశాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ ముగ్గురికీ సంజాయిషీ చెప్పుకుంటూ ఉండగా నాకు తట్టిందేమిటంటే, ఆ వార్త నిజమే అయినా ఆ వేళప్పుడు అది తెలుసుకుని నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఫోనులో వచ్చే వార్తలకు, సినిమా కబుర్లకు, రాజకీయ రభసకు ఒక వేళ పెట్టుకోవాలని అప్పటి నుంచి చేసిన ప్రయత్నాలలో నిలబడినవాటిని ఇక్కడ రాస్తున్నాను. వార్తలు మానేయమని చెప్పడం నా ఉద్దేశం కాదు. అటువంటి ఉపవాసాలు రెండుసార్లు పట్టి, రెండుసార్లూ మూడో రోజుకే విడిచిపెట్టినవాడిని.

మొదటి పని, సెట్టింగ్స్ జోలికి పోకుండా ఒక రోజంతా లెక్క రాయడం. ఒక కాగితం మీద రెండు గడులు గీసుకోండి. ఫోను మోగినా, వణికినా, తెర వెలిగినా, అది ఒక మనిషి మిమ్మల్ని ఉద్దేశించి పంపినదైతే ఎడమ గడిలో, యంత్రం ఊరందరికీ పంపినదైతే కుడి గడిలో ఒక గీత పెట్టండి. నా కాగితం మీద రాత్రయ్యేసరికి ఎడమవైపు ఆరు గీతలు, కుడివైపు నలభైకి పైగా గీతలు పడ్డాయి. కుడివైపువాటిలో ఒకటి, నేను ఎన్నడో ఒక్క పాట విన్న గాయకుడి పెళ్ళి ఫొటోలు వచ్చాయని; ఇంకొకటి, నేను రెండు రోజులుగా కనిపించడం లేదని ఒక యాప్ బెంగపెట్టుకున్నదని. ఈ లెక్క లేకుండా నేరుగా సెట్టింగ్స్‌లోకి దిగితే ఏది ఆపాలో, ఏది ఉంచాలో పాలుపోక, తోచిన రెండు మీటలు నొక్కి బయటికి వచ్చేస్తాము.

మరునాడు అసలు పని మొదలుపెట్టవచ్చు. ఆపిల్ సంస్థ 2009లో ఐఫోన్లకు పుష్ నోటిఫికేషన్లు తెచ్చినప్పుడు వాటి వెనుక ఉన్న ఆలోచన మంచిదే. యాప్‌ను తెరిచి ఉంచి బ్యాటరీ ఖర్చు చేయకుండానే, కొత్తగా ఏదైనా వస్తే తెలియజేయడం అందులోని సౌకర్యం. ఉత్తరాల కోసం వేసిన ఆ దారిలో తరువాత కరపత్రాలు కూడా నడిచాయి. అందువల్ల యాప్ మొత్తాన్ని నోరు మూయించడం కంటే, దాని నోట్లోంచి వచ్చే మాటలను వేరుచేయడం మేలు. ఆండ్రాయిడ్‌లో 2017 నాటి 8వ వెర్షన్ నుంచి ఆ వీలున్నది. నోటిఫికేషన్ తెర మీద కనిపించినప్పుడు అలవాటుగా పక్కకు తోసేయకుండా, దాని మీద వేలు కాసేపు నొక్కి పట్టండి. ఆ యాప్ పేరు, పక్కన సెట్టింగ్స్ గుర్తు కనిపిస్తాయి. ఆ గుర్తును తాకితే ఆ యాప్ పంపే నోటిఫికేషన్ల రకాలు ఒక జాబితాగా తెరుచుకుంటాయి. వార్తా యాప్‌లలో అది సాధారణంగా తాజా వార్తలు, మీ కోసం ఎంచినవి, క్రీడలు, వినోదం, ఆఫర్లు అన్న ధోరణిలో ఉంటుంది. అన్నిటినీ మూసి, నిజంగా కావాలనుకున్న ఒక్కదానిని శబ్దం లేకుండా ఉంచుకోండి. కొందరు యాప్ తయారీదారులు అన్నిటినీ ఒకే రకం కింద కట్టగట్టి పెడతారు; అది పొరపాటున జరిగిందని నేను అనుకోను. అటువంటి యాప్‌ను మొత్తంగా ఆపేయడానికి వెనుకాడనక్కరలేదు.

2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా పెట్టుకునే యాప్ నోటిఫికేషన్ పంపాలంటే ముందు మన అనుమతి అడగాలి. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. పాత వెర్షన్ నుంచి మారినప్పుడు అప్పటికే ఫోనులో ఉన్న యాప్‌లు మనల్ని మళ్ళీ అడగకుండానే పాత అలవాటు కొనసాగించగలవు. కాబట్టి పాత కాపులను ఒక్కొక్కరినే పిలిచి చూడవలసిందే. ఐఫోన్ వాడేవారికి 2021లో ఐఓఎస్ 15తో వచ్చిన షెడ్యూల్డ్ సమ్మరీ అనే సౌకర్యం బాగా పనికివస్తుంది. నోటిఫికేషన్ల సెట్టింగ్స్‌లో దానిని తెరిచి, ఏ యాప్‌లవి ఆపి ఉంచాలో, ఏ వేళకు అందించాలో చెబితే, అవన్నీ ఒక కట్టగా ఆ వేళకే వస్తాయి. ఎవరి ఫోనులోనైనా తాకకూడనివి కొన్ని ఉంటాయి: కాల్స్, ఇంటివాళ్ళ సందేశాలు, బ్యాంకు నుంచి వచ్చేవి, ఓటీపీలు. ఉత్సాహంలో వాటిని కూడా ఆపి, డబ్బు చెల్లించబోయే చోట తెల్లమొహం వేసుకుని నిలబడిన అనుభవం నాకున్నది.

యాప్‌లన్నిటినీ సర్దిన తరువాత కూడా ఎక్కడి నుంచో వార్తలు వచ్చి పడుతూ ఉంటే, అది బ్రౌజర్ పని అయి ఉంటుంది. ఎప్పుడో ఒక వెబ్‌సైట్ నోటిఫికేషన్లు పంపవచ్చునా అని అడిగినప్పుడు, అడ్డు తొలగితే చాలునని అనుమతి నొక్కేసి ఉంటాము. క్రోమ్‌లో సెట్టింగ్స్, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్లు అన్న చోటికి వెళితే అనుమతి పొందిన సైట్ల పేర్లన్నీ ఉంటాయి. అక్కడే సైట్లు ఇకమీదట అసలు అడగకుండా చేసే మీట కూడా ఉంటుంది.

ఇప్పుడు వేళ సంగతి. నేను రోజుకు రెండు వేళలు పెట్టుకున్నాను. ఉదయం పనికి కూర్చోబోయే ముందు ఇరవై నిమిషాలు, సాయంత్రం అరగంట. పడుకునే ముందు వేళ పెట్టుకోకపోవడం మంచిది. ఆ సమయంలో ఒక వార్త ఇంకొక వార్తను పిలుచుకుని వస్తుంది. ఈ పద్ధతికి అసలు పరీక్ష ఎన్నికల ఫలితాల రోజున ఎదురవుతుంది. ఓట్ల లెక్కింపు మొదలైన గంటలోపే ఆధిక్యాలు, గ్రాఫులు, చర్చలు తెర నిండా పరుచుకుంటాయి. తొలి ఆధిక్యం ప్రజల మొగ్గును ఎంత చెబుతుందో, ఏ ఓట్లను ముందు లెక్కించారన్నదానిని కూడా అంతే చెబుతుంది. తపాలా ఓట్లను కొన్ని దేశాలలో ముందు, కొన్ని చోట్ల చివర లెక్కిస్తారు. నగరాల పెట్టెలు, పల్లెల పెట్టెలు ఒకే వేగంతో తెరుచుకోవు. అందుకే ఉదయం గెలిచినవాడు సాయంత్రానికి ఓడినట్టు కనిపిస్తాడు గాని, నిజానికి పెట్టెలలోని ఓట్లు అంతకు ముందే పడి ఉన్నాయి, అవి మారలేదు. ఆ రోజున ఐదు నిమిషాలకొకసారి పేజీని కిందికి లాగి వదలడం వల్ల వేలికి వ్యాయామమే గాని, రెండు వేళల్లో చూసినవారి కంటే ఎక్కువ తెలిసేది ఏమీ ఉండదు. ఎన్నికల సంఘం సొంత ఫలితాల పేజీని ముందే గుర్తు పెట్టి ఉంచుకుని, పెట్టుకున్న వేళకు దానినే తెరవండి.

వేళకు తెరిచినా లోపలికి వెళ్ళాక బయటికి రానివ్వకపోవడం ఫీడ్, అంటే యాప్ మన ముందు పేర్చే పోస్టుల వరుస చేసే పని. ట్విట్టర్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ 2016లో కాలక్రమాన్ని పక్కనపెట్టి, మనం దేని మీద ఆగుతామన్న అంచనాతో పోస్టులను పేర్చడం ప్రారంభించాయి. ఆ పేర్పులో నిన్నటి తగాదా ఈ రోజు పైకి వస్తుంది, ఈ రోజు జరిగినది కిందికి పోతుంది. ట్విట్టర్, అంటే ఇప్పటి ఎక్స్ తెరవగానే మీ కోసం అన్న భాగాన్ని వదిలి, అనుసరిస్తున్నవారి భాగానికి మారండి. యూట్యూబ్‌లో చూసిన వీడియోల చరిత్రను ఆపి, పాతదానిని చెరిపివేస్తే, మొదటి పేజీలో సిఫారసులు దాదాపుగా మాయమవుతాయి. 2023 నుంచి ఆ సంస్థే అలా ఏర్పాటు చేసింది. అంతటి శుభ్రత వద్దనుకుంటే, ఒక సినిమా ట్రైలర్ చూసిన పాపానికి దాని మీద వచ్చే యాభై విశ్లేషణలు వెంటపడినప్పుడు, ఒక్కొక్కదాని పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ఆ ఛానల్ వద్దని చెప్పవచ్చు. ఒక వీడియో ముగియగానే ఇంకొకటి తనంతట తాను మొదలయ్యే ఆటోప్లే మీటను కూడా అదే ఊపులో ఆపేయండి.

నాకు ఎక్కువ మేలు చేసినది మాత్రం ఒక పాత పనిముట్టు. సైట్లలో కొత్తగా రాసినవాటి జాబితాను మన దగ్గరికే తెచ్చే ఆర్ఎస్ఎస్ అనే ఈ పద్ధతి 1999లో పుట్టింది. ఆ జాబితాలను చదువుకునే తన రీడర్ సేవను 2013 జులైలో గూగుల్ మూసివేసినప్పుడు, ఆర్ఎస్ఎస్ కూడా చనిపోయినట్టే చాలామంది లెక్కవేశారు. అది బతికే ఉన్నది. ఇప్పటికీ అనేక పత్రికల సైట్లు, బ్లాగులు, పాడ్‌కాస్టులు దాని ద్వారా అందుతున్నాయి. ఒక రీడర్ యాప్ పెట్టుకుని, నమ్మకమున్న ఏడెనిమిది చోట్ల చిరునామాలు అందులో చేర్చితే, రాసినవి రాసిన వరుసలోనే వస్తాయి. ఆ జాబితాకు చివర అంటూ ఒకటి ఉంటుంది. అడుగుకు చేరి, ఇక చదవవలసినది ఏదీ లేదన్న మాట తెర మీద చూసి నేను మొదటిసారి కొంత కంగారుపడ్డాను కూడా.

చదివే వేళను మధ్యలో తినేసే కుకీల పెట్టె గురించి ఒక్క మాట. కుకీలంటే సైట్లు మనల్ని గుర్తుపట్టడానికి మన బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్ళు; వాటికి అనుమతి అడుగుతూ సైట్ తెరవగానే ఆ పెట్టె ఎదురవుతుంది. అంగీకరించే మీట పెద్దదిగా, రంగుతో మెరుస్తూ ఉంటుంది. నిరాకరించే దారి రెండు తెరల లోపల దాగి ఉంటుంది. ఫ్రాన్స్‌లో వ్యక్తిగత సమాచార రక్షణ సంస్థ, నిరాకరించడాన్ని అంగీకరించినంత సులువుగా ఉంచలేదన్న కారణంతోనే గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు 2022 జనవరిలో ప్రకటించింది. అంతవరకు పోనక్కరలేదు గాని, బ్రౌజర్‌లో మూడో పక్షం కుకీలను, అంటే మనం తెరిచిన సైట్ కాక వేరే సంస్థలు పెట్టేవాటిని ఒకసారి నిరోధిస్తే, హడావుడిలో తప్పు మీట నొక్కినా నష్టం తగ్గుతుంది.

ఇక శీర్షికలు. ప్రశ్నార్థకంతో ముగిసే శీర్షికకు కాదు అని జవాబు చెప్పుకుని ముందుకు సాగవచ్చునని విలేకరుల మధ్య ఒక చతురోక్తి ఉన్నది. ఆ జంట విడిపోతున్నారా, ఆ మంత్రి పదవి పోయినట్టేనా వంటివాటిని ఆ ఒక్క సూత్రంతో దాటవచ్చు. విలేకరి దగ్గర రుజువు ఉంటే ప్రశ్న గుర్తు పెట్టవలసిన అవసరం ఉండదు కదా. పేరు చెప్పకుండా స్టార్ హీరో అనీ, సీనియర్ నేత అనీ రాసినవి రెండో రకం. వీటిని తెరవకుండా సాయంత్రం వేళ దాకా ఆగితే, నిజమైనవి పేరుతో సహా వేరే చోట కనిపిస్తాయి, మిగతావి అప్పటికే వాడిపోయి ఉంటాయి.

ఫార్వర్డుగా వచ్చిన వాటికి కూడా ఇదే గడువు వర్తింపజేయండి. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుతో వచ్చిన సందేశం ఇప్పటికే చాలా చేతులు మారినదని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి అటువంటి దానిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. ఎవరైనా మరణించారన్న వార్త అయితే, కుటుంబం గాని, వారి సంస్థ గాని చెప్పినట్టు ఉన్నదో లేదో చూడండి. ఫొటో అయితే బొమ్మతోనే వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో గాని, టిన్‌ఐలో గాని వేసి, అదే బొమ్మ పాత తేదీలతో ఎక్కడైనా ఉన్నదేమో వెతకండి. రెండు నిమిషాలకు మించని పని.

నేను ఇవన్నీ ఇప్పుడు క్రమం తప్పకుండా చేస్తున్నాను. అయినా ఆ రాత్రి నా సందేశం అందుకున్న ముగ్గురిలో ఒకరు, నేను ఏ వార్త పంపినా చదవకముందే, ఇంతకూ ఆయన క్షేమమేనా అని అడుగుతున్నారు.