వైఫై ప్రింటర్‌లో ఎవరు పడితే వాళ్లు ప్రింట్ తీయకుండా ఏం చేయాలి?

భీమవరంలో మా ఇంటికి వైఫై కనెక్షన్ ఒక్కటే. కింద మేము, మేడ మీద అద్దెకున్న రెండు కుటుంబాలు, వీధి గదిలో రొయ్యల చెరువుల లెక్కలు రాసే కుర్రాడు, అందరం అదే వాడతాం. ఓ రాత్రి 11 గంటలకు ప్రింటర్ దానంతట అదే గరగరమంటూ లేచింది. పొద్దున చూస్తే ట్రే నిండా ఫీడ్ లెక్కలు. ఆఖరి కాగితాల్లో ఇంకు అయిపోయి అంకెలు సగమే పడ్డాయి. అడిగితే, "మీదని తెలీదండీ, ఫోన్‌లో ప్రింటర్ పేరు కనిపిస్తే నొక్కేశాను" అన్నాడు.

అతని తప్పేం లేదు. ఒకే వైఫైలో ఉన్న ఫోన్లకు ప్రింటర్ తన పేరు తానే చెప్పుకుంటుంది. చాలా ప్రింటర్లు పాస్‌వర్డ్ కూడా అడగవు.

అన్నిటికన్నా మంచి మార్గం వైఫైని రెండుగా విడదీయడం. రౌటర్ వెనక స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్ (ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1) బ్రౌజర్‌లో కొట్టి లాగిన్ అవ్వండి. గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి, కొత్త పేరు, పాస్‌వర్డ్ పెట్టి మిగతావాళ్లకు ఇవ్వండి. గెస్ట్‌లు లోకల్ నెట్‌వర్క్‌ను చూడొచ్చనే ఆప్షన్ ఉంటే తీసేయండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు వైఫై పాస్‌వర్డ్ కూడా మార్చాలి, లేదంటే వాళ్ల ఫోన్లు పాతదానికే వెళ్లి అతుక్కుంటాయి. మార్చాక ప్రింటర్‌ను, మీ ఫోన్లను కొత్త పాస్‌వర్డ్‌తో మళ్లీ కలపాలి. ఓ పూట పని, ఓపిక పట్టండి.

నెట్ సెంటర్‌లోనో హాస్టల్‌లోనో ఇలా విడదీయడం కుదరకపోతే, ప్రింటర్‌లోనే కాపలా పెట్టొచ్చు. ప్రింటర్ మెనూలో నెట్‌వర్క్ రిపోర్ట్ ప్రింట్ చేస్తే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే నంబరు) కనిపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో కొడితే ప్రింటర్ సెట్టింగ్స్ పేజీ వస్తుంది. ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. అది మార్చకపోతే మీరు పెట్టిన తాళం ఎవరైనా తీసేస్తారు. తర్వాత ఐపీ ఫిల్టర్ లేదా యాక్సెస్ కంట్రోల్ అనే చోట మీరు అనుమతించే కంప్యూటర్ల, ఫోన్ల ఐపీలు చేర్చండి. చవక మోడళ్లలో చాలావాటికి ఈ సౌకర్యం ఉండదు.

మొదట చేర్చాల్సింది మీరు కూర్చున్న కంప్యూటర్ ఐపీయే. నేను తొందరపడి ఫిల్టర్ ముందు ఆన్ చేసేసి, నా ప్రింటర్‌కి నేనే పరాయివాణ్ణయ్యాను. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేసి మళ్లీ మొదటినుంచీ మొదలెట్టాల్సి వచ్చింది.

ఇంకో చిక్కుంది. మనవైపు గాలివానకి కరెంటు పోయి వస్తే రౌటర్ ఐపీలు మార్చి పంచే అవకాశం ఉంది. అందుకే రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ అనే చోట ప్రింటర్‌కీ, అనుమతించిన ప్రతి పరికరానికీ ఐపీ ఖాయం చేయండి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్ (రౌటర్ పరికరాన్ని గుర్తుపట్టే, తయారీలోనే ఇచ్చిన నంబరు) దాచి వేరేది చూపిస్తాయి కాబట్టి, మీ వైఫై వరకు ఆ ప్రైవేట్ అడ్రస్ ఆప్షన్ ఆపాకే రిజర్వ్ చేయండి. రౌటర్‌లో మ్యాక్ ఫిల్టర్ పెట్టేస్తే సరిపోతుందని కొందరంటారు. దానివల్ల సాధారణంగా ఆ మనిషికి మొత్తం వైఫైయే పోతుంది. బిల్లులో వాటా కడుతున్నవాళ్లు ఊరుకుంటారా?

దొడ్డిదారి కూడా ఒకటుంది, వైఫై డైరెక్ట్. రౌటర్‌తో పని లేకుండా ఫోన్ నేరుగా ప్రింటర్‌కి కలిసే ఏర్పాటిది. పాస్‌వర్డ్ కొన్నింట్లో 12345678 అనే ఉంటుంది. వాడకపోతే ప్రింటర్ మెనూలో ఆపేయండి, వాడితే పాస్‌వర్డ్ మార్చండి.

అన్నీ అయ్యాక ఒక ఫోన్‌ను గెస్ట్ వైఫైకి కలిపి ప్రింట్ నొక్కి చూడండి. ప్రింటర్ పేరు కనిపించకూడదు. ఐపీ ఫిల్టర్ పెట్టినచోట అయితే, మీరు అనుమతించని ఫోన్‌తో నొక్కి చూడండి. పేరు కనిపించినా కాగితం రాకూడదు.

మా కుర్రాడు ఇప్పుడు లెక్కలు వాట్సాప్‌లో పంపుతున్నాడు. నేనే తీసిస్తున్నాను, కాగితానికి రెండువైపులా.